ఫెయిల్ అంటున్నది బోర్డా, పిన్నా? టెస్ట్ జిగ్‌లో పోగో పిన్ల మొనలు శుభ్రం చేసే పద్ధతి

"అన్నా, పొద్దున ఫెయిలైన బోర్డునే మధ్యాహ్నం మళ్లీ పెడితే పాసైపోతోంది, ఏం చేయమంటావు?" చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు, ఒరగడం, అంబత్తూరు వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ లైన్లలో పనిచేసే మన నెల్లూరు, చిత్తూరు కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఆ తర్వాత అడిగేది, పిన్లు దేంతో కడగాలని. దీనికి జవాబు ముందే చెప్పేస్తాను: కడగకూడదు.

టెస్ట్ జిగ్ అంటే తయారైన సర్క్యూట్ బోర్డును పెట్టి, దానికి పిన్లు తాకించి, బాగుందో లేదో చూసే చట్రం. అందులో బోర్డును తాకేవే పోగో పిన్లు. పోగో పిన్ అంటే మూడు ముక్కలు. పైన బోర్డును తాకే ప్లంజర్, లోపల స్ప్రింగు, ఆ రెంటినీ పట్టుకునే బ్యారెల్ అనే సన్నటి గొట్టం. ఇది జిగ్‌లో బిగించి ఉన్న సాకెట్‌లో కూర్చుంటుంది. మొన మీది మురికి తీయడం పెద్ద పనేమీ కాదు. ఆ మురికి కిందికి జారి బ్యారెల్‌లోకి పోకుండా తీయడమే అసలు పని. కింద చెప్పే ప్రతి మెట్టూ దాని కోసమే.

1. ముందు తప్పు పిన్నుదేనా చూడండి

బ్రష్ పట్టుకునే ముందు గత షిఫ్టు ఫెయిల్ లాగ్ తెరవండి. ఏ టెస్ట్ పాయింటు (బోర్డు మీద పిన్ను తాకే చోటు) ఎన్నిసార్లు ఫెయిలైందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకున్నా చాలు.

వేర్వేరు బోర్డులు పెట్టినా ఒకే పాయింటు ఫెయిలవుతోందంటే పిన్ను, దాని సాకెట్, వెనక వైరు, ఈ మూడింట్లో ఒకటి. ఒకే బోర్డు మీద నాలుగైదు పాయింట్లు ఫెయిలై, పక్క బోర్డు హాయిగా పాసైతే ఆ బోర్డు మీద ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటడానికి వాడే జిగురు పదార్థం) దట్టంగా ఉండి ఉండవచ్చు, లేదా బోర్డే నిజంగా పోయి ఉండవచ్చు. ఒక మూల ఉన్న పిన్లన్నీ కలిసి ఫెయిలైతే మాత్రం పిన్ల జోలికి పోకండి. బోర్డు ఆ మూల సరిగా కూర్చోవడం లేదు. క్లాంపు, పై నుంచి నొక్కే కడ్డీలు, బోర్డును సరైన చోట నిలిపే లొకేటింగ్ పిన్లు, గాలి పీల్చి బోర్డును పట్టే వాక్యూమ్ జిగ్ అయితే రబ్బరు సీలు, ముందు ఇవి చూడాలి.

ఎప్పుడూ పాసయ్యే గోల్డెన్ బోర్డును అయిదుసార్లు తీసి పెట్టి చూడండి. అదీ అప్పుడప్పుడు ఫెయిలైతే జిగ్‌దే తప్పు.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. టెస్ట్ అయిన బోర్డు మీద పిన్ను పెట్టిన గుర్తు ఉంటుంది, చిన్న భూతద్దం, అంటే లూప్‌తో చూస్తే చిన్న గుంట కనిపిస్తుంది. అది ప్యాడ్ (పిన్ను తాకాల్సిన లోహపు బిళ్ల) మధ్యలో ఉందా, అంచుకు జరిగిందా? అంచుకు జరిగితే మొన ఎంత తోమినా లాభం లేదు, పిన్ను వంగింది లేదా లొకేటింగ్ పిన్ను అరిగింది. అసలు గుర్తే లేకపోతే పిన్ను పైకి రావడం లేదు.

2. సామాను

ఇదంతా చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఒక చుట్టు తిరిగితే దొరికేదే, పిన్ను లాగే టూల్ తప్ప. అది పిన్లు అమ్మేవాళ్ల దగ్గరే, ఆ సైజుకు తగ్గదే తీసుకోవాలి.

- స్టాటిక్ పుట్టని మెత్తటి బ్రష్‌లు రెండు. ఒకటి పొడికి, ఒకటి తడికి, కలపొద్దు
- ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), 99 శాతం లేదా ఆ పైన, చిన్న మూత సీసాలో
- నూలు రాలని వైప్స్
- సన్నటి ముక్కు ఉన్న, స్టాటిక్ రక్షణ ఉన్న వాక్యూమ్
- 10 రెట్లు పెద్దగా చూపించే లూప్
- పిన్ను లాగే టూల్, నొక్కి పెట్టే టూల్
- అదే పార్ట్ నంబరు స్పేర్ పిన్లు
- చేతికి, ఒంటి మీది స్టాటిక్ దిగిపోయేలా చేసే ఈఎస్‌డీ స్ట్రాప్, నైట్రైల్ గ్లవ్స్

మందుల షాపులో దొరికే 70 శాతం ఐపీఏ వద్దు, అందులో మిగతాది దాదాపు నీళ్లే. 99 శాతం సీసా కొని మూత తీసి పెట్టుకున్నా ప్రయోజనం ఉండదు, ఐపీఏ గాలిలో తేమను పీల్చుకుంటుంది, మన చెన్నై గాలిలో తేమకు కొదవ లేదు. పెద్ద డబ్బా మూసి ఉంచి, ఆ రోజుకు కావలసింది చిన్న సీసాలో పోసుకోండి. మిగిలింది తిరిగి డబ్బాలో పోయొద్దు.

3. జిగ్‌ను సిద్ధం చేయడం

టెస్టర్ పవర్ ఆపి, జిగ్ కనెక్టర్ తీసేయండి. పవర్ సప్లై బోర్డులు టెస్ట్ చేసే జిగ్ అయితే లోపల కెపాసిటర్లు ఛార్జ్ దిగేదాకా ఆగి, మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. జిగ్ మీద కౌంటర్ ఉంటే ఆ అంకె రాసుకోండి. ఫోన్‌తో పై నుంచి ఒక ఫోటో తీయండి. పని అయ్యాక ఏ పిన్ను ముందునుంచే వంగి ఉంది, ఏది మీ చేతిలో వంగింది అనే గొడవ రాకుండా ఉంటుంది.

కొన్ని జిగ్‌లలో పిన్ల మీద స్ప్రింగుల మీద కదిలే పై ప్లేటు ఉంటుంది, పిన్లు దాని రంధ్రాల్లోంచి తొంగి చూస్తుంటాయి. స్క్రూలు విప్పి ఆ ప్లేటు తీసేయాలి. ప్లేటు ఉండగానే పైపైన తోమితే రాలిన ఫ్లక్స్ అంతా రంధ్రాల్లోకే పోతుంది.

వీలైతే జిగ్‌ను నిలబెట్టి పిన్ల మొనలు పక్కకు చూసేలా పెట్టండి, ఇంకా కొంచెం కిందికి వాల్చగలిగితే మరీ మంచిది. రాలింది నేల మీద పడుతుంది, బ్యారెల్‌లో పడదు. బరువైన జిగ్‌ను ఒక్కరే ఎత్తొద్దు, ఇద్దరు పట్టాలి.

4. పొడి బ్రష్, ఎప్పుడూ ఇదే మొదలు

ఒక చేత్తో వాక్యూమ్ ముక్కు మొనల దగ్గరగా పట్టుకుని, రెండో చేత్తో బ్రష్ ఆడించాలి. బ్రష్ పిన్ను మొదలు నుంచి మొన వైపుకు, అంటే బ్యారెల్‌కు దూరంగా పోవాలి. అటూ ఇటూ బూటు పాలిష్ చేసినట్లు రుద్దొద్దు. 2.54 మిల్లీమీటర్ల దూరంతో పెట్టే పిన్లు కాస్త ఓర్చుకుంటాయి కానీ 1.27 దూరంవి సన్నగా ఉంటాయి, పక్కకు తోస్తే వంగిపోతాయి.

కిరీటం ఆకారంలో పళ్లున్న మొనలకు పళ్ల సందుల్లో ఫ్లక్స్ ఇరుక్కుంటుంది, వాటికి చివర్లో పై నుంచి కూడా రెండు సార్లు బ్రష్ తగిలించాలి. గిన్నెలా గుంట ఉన్న మొనలు ఇంకా మొండివి, గుంట పైకే చూస్తుంటుంది కాబట్టి రాలిన ప్రతిదీ అందులోనే చేరుతుంది.

గాలి గన్ వాడొద్దు. కంప్రెసర్ గాలి కొడితే మురికి పోయినట్లే కనిపిస్తుంది, కానీ పోయింది పక్క పిన్ను బ్యారెల్‌లోకి. పైగా ఆ గాలిలో నీటి తుంపర, కంప్రెసర్ నూనె కూడా రావచ్చు.

రోజువారీ శుభ్రానికి ఇంతే చాలు. నిజంగా చాలు. చాలా జిగ్‌లు తడి బ్రష్ అవసరం లేకుండానే వారం పది రోజులు బాగానే నడుస్తాయి.

5. తడి బ్రష్, అవసరమైన పిన్నుకే

పొడి బ్రష్‌కు లొంగని, జిగురుగా అంటుకున్న ఫ్లక్స్ లూప్‌లో కనిపిస్తేనే ఐపీఏ తీయండి.

బ్రష్ కొనను ఐపీఏలో ముంచి, వెంటనే వైప్ మీద తట్టండి. చుక్క రాలకూడదు. బ్రష్ చెమ్మగా ఉండాలి, తడిగా కాదు. మొనలు పక్కకో కిందికో చూస్తుండగా, మొన చివర మాత్రమే రెండు మూడు సార్లు తగిలించండి. తర్వాత ఐపీఏ చెమ్మ ఉన్న శుభ్రమైన బ్రష్‌తో మళ్లీ ఒకసారి. ఈ రెండోసారి ఎందుకంటే, కడగకుండా వదిలేసేలా చేసిన నో-క్లీన్ ఫ్లక్స్‌ను ఐపీఏ సగం కరిగించి వదిలేస్తే తెల్లటి పొడిలా మిగిలిపోతుంది, అది మొదటి మురికి కంటే మొండిగా కాంటాక్టును అడ్డుకుంటుంది. ఆ తర్వాత పొడి వైప్‌ను మొన మీద అద్దండి, రుద్దకండి, రుద్దితే వైప్ పోగులు కిరీటం పళ్లకు చిక్కుకుంటాయి.

ఆరేదాకా పవర్ పెట్టకండి. ఐపీఏ సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మండే ఆవిరి వదలడం మొదలుపెడుతుంది, చెన్నైలో ఏ కాలంలోనైనా గది అంతకంటే వేడిగానే ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ పక్కన ఈ పని వద్దు, తడి ఉండగా వాక్యూమ్ ఆన్ చేయొద్దు.

ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. కొత్తలో ఒక జిగ్ మీద ఐపీఏ పిచికారీ చేసి, టూత్‌బ్రష్‌తో బరబరా తోమేశాను. మొనలు బంగారంలా మెరిశాయి, సూపర్‌వైజర్ భుజం తట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి పిన్లు ఒక్కొక్కటే కిందికి పోయినవి పోయినట్లే ఉండిపోయాయి. ఐపీఏ ఫ్లక్స్‌ను కరిగించి బ్యారెల్‌లోకి మోసుకుపోయింది, తాను ఆరిపోయింది, లోపల జిగురు మిగిలింది. దాదాపు మొత్తం పిన్లు మార్చాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ భుజం తట్టలేదు.

6. లూప్‌తో ఒక్కొక్క మొనా చూడటం

శుభ్రమయ్యాక కంటితో కాదు, లూప్‌తో చూడండి. కొన్ని మొనలు ఎంత శుభ్రం చేసినా పనికిరావు, వాటి మీద టైమ్ వేస్ట్ చేయొద్దు.

బూడిద రంగు ముద్దలా అంటుకున్నది సోల్డర్. ఇప్పుడు ఎక్కువగా వాడే లెడ్-ఫ్రీ సోల్డర్ ఎస్ఏసీ 305లో 96.5 శాతం తగరమే. అది కొంచెం కొంచెంగా మొన మీదికి అంటుకుని, గాలికి ఆక్సైడ్ అవుతుంది. దాన్ని గీకితే కింద బంగారు పూత కూడా వస్తుంది. ఆ పిన్ను మార్చేయడమే.

బంగారు పూత పోయి కింది లోహం కనిపిస్తుంటే, పళ్లు మొద్దుబారితే, నల్లగా కాలిన మచ్చ ఉంటే, అవీ మార్చాలి. కాలిన మచ్చలు మళ్లీ మళ్లీ అదే పిన్నుకు వస్తున్నాయంటే అది మురికి సమస్య కాదు, జిగ్ పూర్తిగా మూసుకోకముందే పవర్ వస్తోంది, లేదా పవర్ ఆగకముందే జిగ్ తెరుచుకుంటోంది. టెస్ట్ ప్రోగ్రామ్ రాసే ఇంజనీరుకు చెప్పి ఆ వరుస మార్పించండి.

తర్వాత ప్లాస్టిక్ పుల్లతో ఒక్కో పిన్నును నిటారుగా నొక్కి వదలండి. వెంటనే టక్కున పైకి రావాలి. ఆలోచించుకుని వస్తున్న పిన్ను రేపు మొరాయిస్తుంది, ఈరోజే గుర్తు పెట్టుకోండి.

7. పిన్ను మార్చడం

పిన్ను లాగే టూల్‌తో నిటారుగా లాగాలి. కటింగ్ ప్లయర్‌తో లాగితే సాకెట్ కూడా కదులుతుంది, దాని వెనక వైరు తెగుతుంది, అక్కడి నుంచి అది ఒక రోజు పని. పిన్ను తీశాక సాకెట్ లోపలికి టార్చ్ వేసి చూడండి, వంగిందా, మురికి ఉందా.

కొత్త పిన్ను మొనను వేళ్లతో పట్టుకోవద్దు. తలకు కొబ్బరి నూనె రాసుకుని అదే చేత్తో పిన్లు పెట్టే వాళ్లను చూశాను, కొత్త పిన్ను మొదటి రోజే ఫెయిలంటే ఆశ్చర్యమేముంది.

పార్ట్ నంబరు మొత్తం చూసుకోండి, మొన ఆకారం ఒక్కటి సరిపోతే చాలదు, స్ప్రింగు బలం కూడా అదే కావాలి. కొత్త పిన్ను పక్కనున్న వాటితో సమానమైన ఎత్తులో కూర్చుందా చూడండి. మామూలు 2.54 దూరం పిన్లలో చాలావాటికి మొత్తం కదలిక 6.35 మిల్లీమీటర్లు ఉంటుంది, బోర్డు కూర్చున్నప్పుడు అందులో మూడింట రెండు వంతులు, అంటే 4.2 దగ్గర దిగాలి. అడుగు దాకా నొక్కుకుపోతే స్ప్రింగు త్వరగా చస్తుంది, తక్కువ దిగితే ఆక్సైడ్ పొరను చీల్చేంత బలం రాదు.

8. కొలవకుండా లైన్‌కు ఇవ్వొద్దు

బోర్డు సైజులో కోసిన ఖాళీ రాగి షీటు బోర్డు ఒకటి చేయించుకోండి, బంగారు పూత వేయించగలిగితే ఇంకా మంచిది. దాన్ని జిగ్‌లో పెడితే పిన్లన్నీ ఒకదానితో ఒకటి షార్ట్ అవుతాయి. ఇది పెట్టేటప్పుడు టెస్టర్ పవర్ ఆపి, జిగ్ కనెక్టర్ తీసి ఉండాలి, ఉత్త రాగి అయితే ముందు దాన్ని మెరిసేలా తుడవాలి. లేకపోతే రాగి మీది ఆక్సైడ్‌ను కొలిచి పిన్లను తిడతారు.

ఇప్పుడు నాలుగు వైర్ల పద్ధతిలో కొలిచే మిల్లీ ఓం మీటరుతో జిగ్ కనెక్టర్ దగ్గర కొలవండి. మామూలు మల్టీమీటరు ఇక్కడ సరిపోదు, దాని వైర్లే 0.1 నుంచి 0.3 ఓం దాకా తింటాయి. మీరు చూసే అంకెలో రెండు పిన్లతోపాటు జిగ్ లోపలి వైరు కూడా ఉంటుందని మరవద్దు, 30 గేజ్ వైరు మీటరు పొడవుకు సుమారు 0.34 ఓం. అందుకే ఉత్త అంకెను కాదు, జిగ్ కొత్తగా ఉన్నప్పుడు రాసుకున్న అంకెతో తేడాను చూడాలి. అప్పుడు రాసుకోలేదా? పిన్లన్నీ మార్చిన రోజు రాసుకోండి.

ఎంత తేడా వస్తే తప్పు? మామూలు సిగ్నల్ పిన్నుకు అర ఓం పెరిగితే నేను ఊరుకోను. కరెంటు ఎక్కువ పోయే పిన్నుకు అందులో పదో వంతుకే లేచి కూర్చుంటాను. లెక్క చూడండి: 2 ఆంపియర్లు పోయే దారిలో 50 మిల్లీ ఓం పెరిగితే 0.1 వోల్టు అక్కడే పోతుంది. 3.3 వోల్టుల లైనుకు 3 శాతం లిమిట్ అంటే 0.099 వోల్టు. బోర్డు పాపం ఏ తప్పూ చేయకుండానే ఫెయిల్.

9. జనం చేసే తప్పులు

ఉప్పు కాగితం, గరుకు ఫైలు, ఇంకు రబ్బరు: ఇవేవీ పోగో పిన్ను దగ్గరికి రానివ్వద్దు. ఆ పూట రీడింగు బాగా వస్తుంది, ఎందుకంటే ఆక్సైడ్‌తోపాటు బంగారం కూడా పోయింది, ఆ తర్వాత కింది లోహం తుప్పు పట్టడం మొదలవుతుంది. చిప్పులుగా కోయకముందు సిలికాన్ బిళ్ల మీదే చేసే వేఫర్ టెస్టింగ్‌లో ప్రోబ్ కార్డు సూదులను గరుకు ఫిల్మ్ మీద ఆడిస్తారు కదా అని ఒకతను వాదించాడు. అవి టంగ్‌స్టన్ లాంటి గట్టి సూదులు, దాని కోసమే చేసిన ఫిల్మ్, మెషీన్ కొలిచి ఆడిస్తుంది. మన పిన్నుకు ఆ వైద్యం పనికిరాదు.

ఇరుక్కున్న పిన్నుకు నూనె చుక్క: రెండు రోజులు బాగా కదులుతుంది, తర్వాత దుమ్ము పట్టి ముద్దవుతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కూడా అంతే, పిన్ను తయారీలో లోపల పెట్టిన లూబ్రికెంట్‌ను కడిగేస్తుంది. ఇరుక్కున్న పిన్నుకు ఒకటే మందు, కొత్త పిన్ను.

చింతపండు, విభూది: నవ్వకండి, పూజ సామాను తళతళలాడుతుంది కదా అని నిజంగానే ఒకరు అడిగారు. చింతపండు పులుపు ఆమ్లం, విభూది రాపిడి పొడి. రెండూ ఇంట్లోనే ఉండనివ్వండి.

ఫెయిలైతే పాసయ్యేదాకా రీటెస్ట్: ఇది అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఒకసారి రీటెస్ట్ సరే, రెండోసారి కూడా తేడా వస్తే ఆ పిన్ను నంబరు పుస్తకంలోకి ఎక్కాలి.

10. మల్టీమీటర్ ప్రోబ్‌లు

వీటికి లోపల స్ప్రింగు లేదు కాబట్టి పని సులువు. వైర్లు మీటరు నుంచి తీసేసి, మొనను ఐపీఏ చెమ్మ వైప్‌తో తుడవండి, రెండో చివర ప్లగ్‌ను కూడా. పూత లేని ఇత్తడి మొన నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో రుద్దవచ్చు, బంగారు పూత ఉన్నదాన్ని మాత్రం తుడిచి వదిలేయండి.

తర్వాత రెండు మొనలు కలిపి ఓం రేంజిలో చూస్తూ వైరును మీటరు దగ్గర, ప్రోబ్ మెడ దగ్గర వంచండి. అంకె ఎగిరితే లోపల వైరు తెగుతోంది, మొనను శుభ్రం చేసి లాభం లేదు, కొత్త జత కొనండి. మొన మీది ప్లాస్టిక్ తొడుగు అడ్డంగా ఉందని కోసేయొద్దు. క్యాట్ 3, క్యాట్ 4 (మెయిన్స్ కరెంటు మీద పనికి పెట్టిన భద్రతా తరగతులు) పనికి బయట కనిపించే లోహం 4 మిల్లీమీటర్లు దాటకూడదు, మెయిన్స్ ప్యానెల్‌లో రెండు బార్ల మధ్య మొన జారితే మిమ్మల్ని కాపాడేది ఆ తొడుగే.

11. ఎప్పుడెప్పుడు చేయాలి

లెక్కకట్టిన రూల్ ఏదీ లేదు, మీ బోర్డు మీద ఫ్లక్స్ ఎంత ఉందనే దాన్ని బట్టి మారుతుంది. నేను కొత్త జిగ్‌కు ఇలా మొదలుపెడతాను, రెండు వారాల లాగ్ చూసి తగ్గిస్తాను లేదా పెంచుతాను:

- ప్రతి షిఫ్టు మొదట్లో: పై ప్లేటు ఉంటే తీసి పొడి బ్రష్, వాక్యూమ్, గోల్డెన్ బోర్డు ఒకసారి
- వారానికోసారి: ఒక్కొక్క మొనా లూప్‌తో చూడటం, అవసరమైన పిన్నుకే తడి బ్రష్, నొక్కి వదిలి చూడటం
- నెలకోసారి: రాగి బోర్డు పెట్టి కొలవడం, లొకేటింగ్ పిన్లు అరిగాయేమో చూడటం
- ప్రతిసారీ: తేదీ, కౌంటర్ అంకె, మార్చిన పిన్ను నంబరు రాయడం

ఒకే స్థానంలో పిన్ను నెలలో మూడోసారి మార్చారంటే పుస్తకంలో రాసి ఊరుకోకుండా ఆగి ఆలోచించండి: అక్కడ మొన ఆకారమే తప్పు అయి ఉండవచ్చు. ఫ్లక్స్ చేరే చోట గిన్నె మొన పెట్టారా? సన్నటి సూది మొన పెట్టి చూడండి.

షిఫ్టు అయ్యాక జిగ్ మీద మూత వేయండి, ఫ్యాన్ కింద తెరిచి వదలొద్దు. ఆయుధ పూజ నాడు మరీ జాగ్రత్త. ఏటా పూజ మర్నాడు ఫెయిల్స్ ఎందుకు పెరుగుతున్నాయా అని తల పట్టుకుంటే, పై ప్లేటు రంధ్రాల్లో కుంకుమ, చందనం, పూల రేకులు, కర్పూరం మసి కనిపించాయి. ఇప్పుడు ముందురోజే జిగ్‌కు ప్లాస్టిక్ కవరు కట్టేసి, బొట్టు పక్క ఫ్రేముకు పెట్టిస్తున్నాను, హారతి పళ్లెం పక్క టేబుల్ దగ్గరే ఆపిస్తున్నాను. పూజారి గారు కూడా ఏమీ అనలేదు.